నిమిషం లెక్కపెట్టించి స్వభావం చెప్పకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 'మీ మనసు గడియారం ఎంత కచ్చితం?' అని ఒక పరీక్ష వేశారు. కళ్ళు మూసుకుని, నిమిషం గడిచిందని అనిపించగానే చెప్పాలి. ఇంట్లో ఇంకొకరు గడియారం చూడాలి. 50 సెకన్లలోపే చెబితే ఆందోళన మనిషి, 70 దాటితే నిదానస్తుడు, మధ్యలో ఉంటే మనసు నిలకడగా ఉన్నట్టు. సరదాకే అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ ఇదే పరీక్షను బళ్ళలో సైన్సు ఫెయిర్ ప్రాజెక్టుగా చేయించి, ఫలానా పిల్లవాడికి ఆందోళన ఉందని చార్టు మీద రాసి గోడకు అతికిస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాయాల్సి వస్తోంది. కత్తిరించక తప్పకపోతే గౌరవవాచకాలు కత్తిరించండి, అంకెలు మాత్రం ఉంచండి.

అసలు చిక్కు ఆ పరీక్ష మొదటి అడుగులోనే ఉంది. నిమిషం చెప్పమంటే మనిషి ఏం చేస్తాడు? లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. అప్పుడు మనం కొలిచేది కాలం తెలిసే తీరును కాదు, అతని నోటి వేగాన్ని. తెలుగులో ఇంకో మెలిక ఉంది. రెండు, మూడు, ఆరు, ఏడు అన్నవి రెండేసి అక్షరాలు. ఇరవై దాటాక ఇరవై ఎనిమిది, నలభై ఎనిమిది అంటే ఏడేసి అక్షరాలు. మొదటి పది అంకెలు పలికిన వేగంతోనే చివరి దాకా పలికితే ఒక్కో అంకెకు పట్టే సమయం పెరుగుతూ పోతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లవాడు, తెలుగు మీడియం పిల్లవాడు వేరువేరు జవాబులు తెచ్చారంటే అది స్వభావం తేడా కానక్కర లేదు. బడిలో ఎక్కాలు వల్లెవేసిన తీరు కూడా అందులో కలుస్తుంది.

రెండో చిక్కు దిశది. కాలం అంచనాను కొలవడానికి ప్రయోగశాలల్లో ప్రధానంగా నాలుగు పద్ధతులు వాడతారు. ఒక శబ్దం వినిపించి 'ఎన్ని సెకన్లు?' అని అడగడం మొదటిది, అంటే నోటి అంచనా. 'ఇన్ని సెకన్లు అయ్యాక మీట నొక్కు' అనడం రెండోది, అంటే కాలాన్ని తయారు చేయించడం. మీరు వేసింది ఇదే. శబ్దం వినిపించి 'అంతసేపే మీట నొక్కి పట్టు' అనడం మూడోది, అంటే తిరిగి చేయించడం. రెండు శబ్దాలు వినిపించి 'ఏది పొడుగు?' అనడం నాలుగోది, అంటే పోల్చడం. వీటిలో మొదటి రెండింట్లో ఒకే మనిషి తప్పు ఎదురెదురు దిక్కుల్లో కనిపిస్తుంది. లోపలి గడియారం వడిగా నడిచే మనిషి నిమిషం చెప్పమంటే 40 సెకన్లకే చెప్పేస్తాడు. అతనికే 60 సెకన్ల శబ్దం వినిపించి ఎంతసేపని అడిగితే 90 అంటాడు. ఒకచోట తక్కువ, ఇంకోచోట ఎక్కువ. కారణం మాత్రం ఒక్కటే. మూడో పద్ధతిలోనైతే ఆ వడి అసలు బయటపడకపోవచ్చు, ఎందుకంటే విన్నదీ అదే గడియారంతో, తిరిగి చేసిందీ అదే గడియారంతో. కాబట్టి పద్ధతి పేరు చెప్పకుండా 'కాలాన్ని తక్కువ అంచనా వేశాడు' అంటే ఆ వాక్యానికి అర్థమే ఉండదు. చార్టులు, వార్తలు, ఒక్కోసారి పాఠ్యపుస్తకాలు కూడా ఇక్కడే బోల్తా పడుతుంటాయి.

'లోపలి గడియారం' అన్నాం కదా, అది ఊహాచిత్రం. దాన్ని శాస్త్రీయంగా ఒక నమూనాగా 1963లో మిషెల్ ట్రైస్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీశారు. నల్లా కింద బిందె పెట్టినట్టు అనుకోండి. చుక్కలు ఒక వేగంతో పడుతుంటాయి, బిందెలో ఎన్ని చేరాయో చూసి ఎంతసేపైందో చెబుతాం. ఒళ్ళు వేడెక్కినా, ఉద్వేగం పెరిగినా చుక్కలు వడిగా పడతాయి. తర్వాత వచ్చినవారు నల్లాకు ఒక తిప్పు కూడా కలిపారు. మనసు కాలం మీద ఉంటే తిప్పు తెరుచుకుంటుంది, వేరే పని మీద ఉంటే సగం మూసుకుని కొన్ని చుక్కలు పక్కకు పోతాయి. మెదడులో ఫలానా చోట బిందె ఉందని ఎవరూ చూపించలేదు. కానీ ఏ ప్రయోగంలో ఏది ఎటు మారుతుందో ముందే ఊహించడానికి ఈ చిత్రం ఇప్పటికీ పనికొస్తోంది. ఒక ఉదాహరణ చెబుతాం. కొలవాల్సిన శబ్దానికి ముందు కొన్ని సెకన్ల పాటు టిక్కుటిక్కుమని వరుస చప్పుళ్ళు వినిపిస్తే, ఆ తర్వాతి శబ్దాన్ని జనం సుమారు పదో వంతు పొడుగ్గా అంచనా వేస్తారు. 1996లో ఇంగ్లండ్‌లో జాన్ వేర్డెన్ బృందం దీన్ని చూపించింది. ఇప్పుడు మన బడి గదిని తలుచుకోండి. పైన టకటకమనే సీలింగ్ ఫ్యాను, గోడకు టిక్కుమనే గడియారం. ప్రయోగం మొదలుపెట్టకముందే సగం చెడిపోయింది.

లెక్కపెట్టడాన్ని ఆపాలంటే 'లెక్కపెట్టకు' అని చెప్పడం ఒక మార్గం. చెప్పడం తప్పనిసరి, కొంత పనిచేస్తుంది కూడా. కానీ పిల్లలు కాలివేలితోనో, నాలుకతోనో తాళం వేస్తుంటారు. గట్టి మార్గం నోటికి వేరే పని ఇవ్వడం. 1 నుంచి 9 వరకు అంకెలు రాసిన అట్టముక్కలను కలిపేసి, పక్కన కూర్చున్న సహాయకుడు ఒక్కోటీ తిప్పుతుంటే పిల్లవాడు బయటికి చదవాలి. తిప్పే వ్యవధి ఒకేలా ఉండకూడదు. ఒకసారి అర సెకను, ఒకసారి ఒకటిన్నర సెకను, ఇంకోసారి సెకను. ఒకే లయలో తిప్పితే ఆ అట్టలే గడియారమైపోతాయి. శ్రమ తగ్గుతుందని అంకెలన్నీ ఒకే కాగితం మీద వరుసలుగా అచ్చువేసి చదవమంటారు కొందరు. అది ఇంకా పెద్ద తప్పు. 'మూడు వరుసలు చదివాను కాబట్టి ఇంతసేపు' అని పిల్లవాడు గుర్తుపట్టేస్తాడు.

ఇక బడిలోనో జూనియర్ కాలేజీలోనో చేయదగ్గ ప్రయోగం. తిరిగి చేయించే పద్ధతి తీసుకోండి. దీనిలో సెకన్ల మాట నోట రానక్కర లేదు, గుండ్రంగా చెప్పే అలవాటు అడ్డురాదు. నోటి అంచనా అడిగితే మనవాళ్ళ జవాబులన్నీ 5, 10, 30, 60 దగ్గర గుంపుకడతాయి. 'ఐదు నిమిషాల్ల వస్త' అన్న మాటకు మన దగ్గర ఎంత వెడల్పు ఉందో పాఠకులకు మేము చెప్పాలా?

వ్యవధులు 4, 7, 11, 16, 23 సెకన్లు పెట్టుకోండి. 5, 10, 15 పెడితే పిల్లలు పసిగడతారు. ఒక్కో వ్యవధి ఐదుసార్లు, మొత్తం 25 సార్లు. ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా చీటీలు తీసి వరుస నిర్ణయించాలి, ఆ వరుస ముందే కాగితం మీద రాసుకోవాలి. వినిపించే శబ్దం ఒకే స్థాయిలో సాగే బీప్ కావాలి. పాట ముక్క వద్దు, అందులో తాళం ఉంటుంది. కొన్నిసార్లు శబ్దం, కొన్నిసార్లు బల్బు వెలుగు అని కలపకండి. అంతే సేపున్నా శబ్దం వెలుగుకంటే పొడుగ్గా అనిపించడం బాగా తెలిసిన సంగతి. బీప్ ఆగాక రెండు మూడు సెకన్లు విరామం ఇచ్చి, పిల్లవాడు మీట నొక్కి పట్టి, అంతసేపైందనుకున్నప్పుడు వదలాలి. అట్టల మీది అంకెలు చదవడం బీప్ వింటున్నప్పుడూ ఉండాలి, మీట పట్టుకున్నప్పుడూ ఉండాలి. ఒకదానిలో ఉంచి ఇంకోదానిలో తీసేస్తే తిప్పు ఒకచోట సగం, ఇంకోచోట పూర్తిగా తెరిచినట్టవుతుంది, ఫలితం ఒకవైపు ఒరుగుతుంది.

ఈ ఐదు వ్యవధుల మొత్తం 61 సెకన్లు. ఐదుసార్లు వినిపిస్తే 305, తిరిగి చేస్తే ఇంకో 305, మధ్య విరామాలు కలిపితే ఒక్కొక్కరికి 12 నిమిషాలు దాటుతుంది. ముప్పై మందికి ఆరు గంటలు. ఒక్క పీరియడ్‌లో తేల్చేద్దామని అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఎవరో ఒకరు వేలు తీయగానే మిగతావాళ్ళు తీసేస్తారు. కాబట్టి విడివిడిగానే, నాలుగైదు రోజులు, రోజూ ఒకే వేళకు. పొద్దున కొందరిని, అన్నం తిన్నాక కునుకుపట్టే వేళ కొందరిని కూర్చోబెట్టి ఇద్దరినీ పోల్చకూడదు. చేతి గడియారాలు, ఫోన్లు బయటపెట్టాలి. గోడ గడియారాన్ని కప్పితే చాలదు, దాని బ్యాటరీ తీసేయాలి. మొదట మూడుసార్లు అలవాటు కోసం చేయించి వాటిని లెక్కలోంచి తీసేయండి. ఒక్కో ప్రయత్నం తర్వాత 'భేష్' అనకండి, తల కూడా ఊపకండి. ఒక్క ఊపుతో పిల్లవాడు తన కొలత సరిచేసుకుంటాడు. ఆ తర్వాత మీరు కొలిచేది అతని కాలజ్ఞానాన్ని కాదు, మీ తలకాయను.

లెక్క కట్టేటప్పుడు రెండు అంకెలు కావాలి. ఒకటి, సగటు జవాబును అసలు వ్యవధితో భాగించిన నిష్పత్తి. రెండోది చెల్లాచెదురు, అంటే జవాబులు సగటుకు ఎంత అటూఇటూ పడ్డాయన్నది; దాన్ని ప్రామాణిక విచలనంతో కొలుస్తారు. ఊహించిన అంకెలతో చూద్దాం. 11 సెకన్ల బీప్‌కు ఒకమ్మాయి 9.8, 10.9, 11.6, 9.4, 10.3 ఇచ్చిందనుకోండి. సగటు 10.4, నిష్పత్తి 0.945. ప్రామాణిక విచలనం 0.87కు కాస్త పైన, దాన్ని 10.4తో భాగిస్తే సుమారు 0.084, అంటే 8.4 శాతం. చాలామంది నిష్పత్తి చూసి ఆగిపోతారు. మా దృష్టిలో రెండో అంకే ఎక్కువ విలువైంది. మనిషి కొలతలో తడబాటు వ్యవధితో పాటు పెరుగుతుంది. 4 సెకన్ల దగ్గర అర సెకను తడబడేవాడు 16 సెకన్ల దగ్గర సుమారు రెండు సెకన్లు తడబడతాడు, శాతం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. జాన్ గిబ్బన్ 1977లో కట్టిన సిద్ధాంతానికి ఇదే పునాది, ఎలుకల్లోనూ పావురాల్లోనూ ఇదే కనబడింది. దీనితో మీకు ఒక దొంగను పట్టే ఉపాయం కూడా దొరుకుతుంది. వ్యవధి పెరిగేకొద్దీ ఆ శాతం బాగా తగ్గుతూ పోతే ఆ పిల్లవాడు లోపల లెక్కపెడుతున్నాడన్నమాట, అట్టల అంకెలు చదువుతూ కూడా.

నిష్పత్తిని చదివేటప్పుడు ఒక పాత ఉచ్చు ఉంది. జర్మనీలో ట్యూబింగెన్‌లో ఉన్న కార్ల్ ఫొన్ ఫియరోర్ట్ 1868లో అచ్చువేసిన పుస్తకంలో చూపింది అది. చిన్న వ్యవధులను పెద్దగా, పెద్ద వ్యవధులను చిన్నగా తిరిగి చేస్తారు, మధ్యలో ఎక్కడో సరిగ్గా ఉంటుంది. ఆ మధ్య ఎక్కడన్నది మీరు ఎంచుకున్న వ్యవధులను బట్టి జరుగుతుంది. అదే 11 సెకన్లు 3 నుంచి 11 వరకున్న జాబితాలో అన్నిటికన్నా పెద్దది కాబట్టి తక్కువగా వస్తుంది, 11 నుంచి 30 వరకున్న జాబితాలో చిన్నది కాబట్టి ఎక్కువగా వస్తుంది. పిల్లవాడు మారలేదు, పక్కనున్నవి మారాయి. హుజూరాబాద్ బడి ఒక జాబితాతో, పరకాల బడి ఇంకో జాబితాతో చేసి ఎవరి పిల్లలు చురుకని పోటీ పెట్టుకుంటే అది వృథా. వ్యవధులను చీటీలు తీసినట్టు కలిపి ఇవ్వకుండా కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ ఇస్తే ఈ ఒరుగు బాగా తగ్గుతుందని కూడా తేలింది. ఏ వరుసలో ఇచ్చారన్నది చార్టు మీద రాయాలనేది ఇందుకే.

పరికరం గురించి ఒక మాట. 1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల పెట్టినప్పటి రోజుల్లో సెకనులో వెయ్యో వంతు చూపే హిప్ క్రోనోస్కోపు వాడేవారు. ఇప్పుడు ఫోనే ఆ పని చేస్తుంది, కానీ ఫోనును గుడ్డిగా నమ్మకూడదు. సాధారణ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే 16.7 మిల్లీసెకన్ల కంటే సన్నగా ఏమీ చూపలేదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే మొదలు, ముగింపు రెండూ జరుగుతాయి కాబట్టి పొడవు మారదు, ఒకేలా లేకపోతేనే ముప్పు. సెకన్లలో కొలిచే పై ప్రయోగానికి ఇవేవీ పెద్ద అడ్డం కావు, మామూలు తీగ ఇయర్‌ఫోన్ చాలు. సెకనులోపు వ్యవధులకు దిగితే మాత్రం కంప్యూటరు, సైకోపై లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు, తీగ కీబోర్డు కావాలి. అక్కడ ఎక్కువగా వాడేది సగం కట్టే పద్ధతి. 0.4 సెకన్ల శబ్దం 'పొట్టి', 1.6 సెకన్లది 'పొడుగు' అని నేర్పించి, మధ్యవి వినిపిస్తూ ఏ గూటికి చెందుతుందో అడుగుతారు. ఎలుకలు మధ్యబిందువును 0.8 దగ్గర, అంటే రెంటి లబ్ధానికి వర్గమూలం దగ్గర పెట్టే తీరు చూపుతాయి. మనుషులు ఎక్కువగా 1.0 వైపు, అంటే మామూలు సగటు వైపు మొగ్గుతారు. ఎందుకన్నది ఇంకా వాదనలోనే ఉంది.

మీ వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది: 'ఎండాకాలం ఒంట్లో వేడి పెరగడం వల్ల కాలం నెమ్మదిగా నడిచినట్టు ఉంటుంది.' దీని వెనక నిజం లేకపోలేదు. 1930ల మొదట్లో హడ్సన్ హోగ్లండ్ అనే అమెరికా శాస్త్రవేత్త, భార్య ఫ్లూ జ్వరంతో పడుకుని ఉండగా ఆమె చేత సెకనుకొకటి చొప్పున 60 లెక్కపెట్టించారు. జ్వరం ఎక్కువైనకొద్దీ ఆమె 60ని అంత త్వరగా ముగించింది, అంటే ఆమెకు నిమిషం అయిందనిపించినా గడియారంలో ఇంకా కాలేదు. 1966లో అలన్ బాడ్‌లీ చల్లటి సముద్రంలో దిగిన ఈతగాళ్ళతో లెక్కపెట్టిస్తే, ఒళ్ళు చల్లబడ్డాక వాళ్ళు నెమ్మదిగా లెక్కపెట్టారు. రెంటిలోనూ మారింది ఒంటి లోపలి ఉష్ణోగ్రత. రామగుండంలో మే నెలలో బయట 45 డిగ్రీలున్నా ఆరోగ్యంగా ఉన్న మనిషి లోపలి ఉష్ణోగ్రత 37 దగ్గరే నిలబడుతుంది, చెమట ఉన్నదే అందుకు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు పొద్దు గడవకపోవడానికి కారణం జ్వరం లాంటి వేడి కాదు. చేయడానికి పనిలేక మనసంతా గడియారం మీదే ఉండటం.

ఇక్కడికి అన్నిటికంటే ముఖ్యమైన విషయం దగ్గరికి వచ్చాం. మీ పరీక్షలో అసలు చోటే లేని విషయం ఇది. కాలం గురించి అడుగుతామని ముందే చెప్పి అడగడం వేరు, అంతా అయిపోయాక అనుకోకుండా అడగడం వేరు. ముందే చెబితే మనిషి చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంటాడు. తర్వాత అడిగితే జ్ఞాపకాలు తిరగేసి, ఎన్ని సంగతులు గుర్తున్నాయో దాన్నిబట్టి కట్టి చెబుతాడు. 1976లో హిక్స్, మిల్లర్, కిన్స్‌బోర్న్ పేకముక్కలతో దీన్ని చేశారు. 42 సెకన్ల పాటు కొందరు ముక్కలను ఊరికే ఒక కుప్పగా పేర్చాలి, కొందరు ఎరుపు నలుపు వేరు చేయాలి, కొందరు ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అని నాలుగు కుప్పలు చేయాలి. ముందే చెప్పినవాళ్ళలో పని కష్టమైనకొద్దీ సమయం తక్కువగా అనిపించింది. తర్వాత అడిగినవాళ్ళలో పని కష్టం తేడా చూపలేదు. ఆ తర్వాత ఎన్నో ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, తర్వాత అడిగితే కష్టమైన పని కాస్త పొడుగ్గానే అనిపిస్తుందని కనబడింది. అంటే ఒకే పని, ప్రశ్న వచ్చిన వేళను బట్టి ఒకచోట కురచ, ఇంకోచోట పొడుగు. మేడారం జాతరకు వెళ్ళినవాళ్ళు అక్కడున్నప్పుడు పొద్దు ఎప్పుడు గుంకిందో తెలియలేదంటారు, ఇంటికొచ్చాక అదే రోజు వారం రోజులంత ఉందంటారు. రెండు మాటలూ నిజమే, రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

దీన్ని బడిలో చేయడం మొదటి ప్రయోగం కన్నా తేలిక. పేకముక్కలంటే హెడ్మాస్టరు ఊరుకోరు కాబట్టి రంగు గుండీలో, కలిపిన కందులు పెసలు శనగలో చాలు. ఒక సెక్షన్‌కు 'ఎంతసేపు పట్టిందో చివర్లో అడుగుతాం' అని చెప్పండి, ఇంకో సెక్షన్‌కు 'ఏరే పరీక్ష' అని మాత్రం చెప్పండి. ఒక్కో సెక్షన్‌లో సగం మంది ఊరికే గిన్నెలో వేయాలి, సగం మంది రకాలవారీగా ఏరాలి. 42 సెకన్లు కాకుండా గుండ్రంగా లేని వేరే వ్యవధి కూడా తీసుకోవచ్చు, అందరికీ ఒకటే ఉండాలి. మాష్టారు గంట కొట్టి ఆపాక కాగితం మీద సెకన్లలో రాయించాలి. రెండో సెక్షన్‌లో ఈ ప్రశ్న జీవితంలో ఒక్కసారే పనికొస్తుంది. ఒకసారి అడిగాక ఆ పిల్లవాడు ఇక 'తెలిసినవాడే'. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, ఒక సెక్షన్ ఇంటర్వెల్‌కు ముందు, ఇంకోటి తర్వాత చేయడం. నల్లా దగ్గర నీళ్ళు తాగేలోపు సంగతి బడంతా తెలిసిపోతుంది. రెండు గదుల్లో ఒకేసారి చేయాలి. ముందు దాచిపెట్టి చేశాం కాబట్టి అయిపోగానే అసలు సంగతి పిల్లలకు చెప్పాలి. తల్లిదండ్రుల అనుమతి కాగితం ముందురోజే తెప్పించుకోవాలి.

భయం వేసినప్పుడు కాలం ఆగిపోతుందన్న మాటను కూడా ప్రయోగానికి పెట్టారు. 2007లో డేవిడ్ ఈగిల్‌మన్ బృందం మనుషులను 31 మీటర్ల ఎత్తునుంచి వలలోకి వెనక్కి పడేసింది. మణికట్టుకు కట్టిన యంత్రం మీద అంకెలు చాలా వేగంగా మారుతుంటాయి. కాలం నిజంగా నెమ్మదిస్తే పడుతున్నప్పుడు వాటిని చదవగలగాలి. చదవలేకపోయారు. కానీ తాము పడిన సమయాన్ని, ఇతరులు పడటం చూసినప్పటికంటే సగటున 36 శాతం పొడుగ్గా చెప్పారు. నెమ్మదించింది చూపు కాదు, పేరుకున్న జ్ఞాపకం. వయసు పెరిగితే ఏళ్ళు పరుగెడతాయన్నదీ అంతే, అడిగే తీరును బట్టి మారుతుంది. 2005లో మార్క్ విట్మన్, సాండ్రా లేన్‌హోఫ్ 14 నుంచి 94 ఏళ్ళ వయసున్న 499 మందిని అడిగితే, గడిచిన వారం, నెల, ఏడాది విషయంలో వయసు తేడా పెద్దగా కనబడలేదు. గడిచిన పదేళ్ళ గురించి అడిగినప్పుడు కొంత కనబడింది, అదీ చిన్నదే.

ఇది పేపరుకు ఎందుకంటారా? మీ జిల్లా పేజీల్లో రోజూ కాలం అంచనాలు అచ్చవుతున్నాయి. 'దుండగులు పది నిమిషాల పాటు ఇంట్లో తిరిగారు', 'అరగంట దాకా అంబులెన్స్ రాలేదు' అన్నవి సాక్షులు తర్వాత చెప్పిన జవాబులు, భయంలో పేరుకున్న జ్ఞాపకాల నుంచి వచ్చినవి. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్ బృందం 30 సెకన్ల బ్యాంకు దోపిడీ వీడియో చూపించి రెండు రోజుల తర్వాత ఎంతసేపని అడిగితే, సగటు జవాబు రెండు నిమిషాలు దాటింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. సాక్షి మాట సాక్షి మాటగానే వేయండి, దాని పక్కన సీసీ కెమెరా సమయమో, 108కి ఫోను వెళ్ళిన సమయమో, వాహనం చేరిన సమయమో దొరికితే అది కూడా వేయండి. దొరక్కపోతే 'సాక్షుల అంచనా ప్రకారం' అన్న రెండు మూడు మాటలకు చోటు ఖర్చుపెట్టండి.

దవాఖానల్లో, తహసీల్ ఆఫీసుల్లో 'ఎంతసేపు నిలబడ్డారు?' అని బయటికొచ్చినవాళ్ళను అడిగి సర్వేలు వేస్తారు. నిలబడ్డప్పుడు చేతిలో పనేమీ లేదు, తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, పక్కనుంచి ఇంకొకరు లోపలికి పోయారు. ఇవన్నీ కాలాన్ని సాగదీస్తాయి. ఆ జవాబును నిమిషాలుగా సగటు కట్టడం తప్పు. టోకెన్ మీద ఇచ్చిన వేళ, లోపలికి పిలిచిన వేళ రాస్తే అసలు నిమిషాలు దొరుకుతాయి. 'మీకెంతసేపు అనిపించింది?' అన్నది దాని పక్కన వేరే గడిలో రాయాలి. ఆ రెంటి మధ్య తేడా ఎక్కువున్న చోట, లైను వేగం పెంచకుండానే ఫిర్యాదులు తగ్గించే మార్గం కూడా ఉండొచ్చు. ఎన్నో నంబరు నడుస్తోందో కనబడే చోట రాయడం, కూర్చోవడానికి బల్ల వేయడం. అసలు నిమిషాలే ఎక్కువున్న చోట మాత్రం బల్ల వేసి తప్పించుకోకూడదు, ఇంకో కౌంటరు తెరవాలి.

ఆ పరీక్షను మళ్ళీ వేసే ఉద్దేశం ఉంటే, స్వభావం పట్టిక తీసేసి, పాఠకుల నుంచి జవాబుతో పాటు నాలుగు సంగతులు తెప్పించండి: లెక్కపెట్టారా లేదా, పెడితే ఏ భాషలో, వరుసగా ఐదుసార్లు చేస్తే వచ్చిన ఐదు అంకెలు, ఏ వేళకు చేశారు. ఒక్క అంకె పంపినవారి చీటీ పక్కన పెట్టేయండి. ఐదు అంకెలు పంపినవారి సగటు, చెల్లాచెదురు రెండూ కట్టి అచ్చువేస్తే, మా విద్యార్థులకు దానితో ఒక నెల పని దొరుకుతుంది.

ఇట్లు,
మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు ఇద్దరు,
హన్మకొండ